చాపలు రాని శనివారం

జూలై 2, మంగళవారం

భద్రతా మండలి సమావేశం. హోటల్ రెండో అంతస్తు, ఎప్పటి గదే. విదేశీ కంపెనీల భద్రతాధికారులు ఒకవైపు, ఎంబసీ మనిషి మిస్టర్ వెండెల్ ఇంకోవైపు, మధ్యలో సమోసాలు. కంపెనీలు తమకు తెలిసింది ఎంబసీకి చెబుతాయి. ఎంబసీ తనకు తెలిసింది కంపెనీలకు చెబుతుంది. ఎవరికీ ఏమీ తెలియదు కాబట్టి సమావేశం తొందరగా ముగియాలి. ముగియదు.

నేను గోడ పక్కన కూర్చుని రాసుకుంటాను. మా కంపెనీ తరఫున మాట్లాడేది మిస్టర్ ప్రాక్టర్. ఒకప్పుడు సైన్యంలో మేజరట. ఆరేళ్ళుగా కంపాలాలో ఉంటున్నాడు. మా భాషలో కృతజ్ఞత చెప్పే ‘వెబాలే’ ఒక్కటి నేర్చుకున్నాడు. దాన్ని కుక్కలకి కూడా చెబుతాడు.

వాళ్ళ పద్ధతి నాకు ఇప్పుడు బాగా తెలుసు. ఒకడు చెబితే వదంతి. అదే మాట ఇంకో కంపెనీవాడు కూడా చెబితే సమాచారం. వెండెల్ దాన్ని ఎంబసీ కాగితం మీదికి ఎక్కిస్తే నిజం. గోడ మీద పటంలో ఆ పేట పసుపు నుంచి ఎరుపుకి మారుతుంది. ఎర్రపేటకి వీళ్ళ బండ్లు వెళ్ళవు, పోలీసుల బండ్లు వెళతాయి. కింద పనసచెట్టు నీడన వీళ్ళందరి డ్రైవర్లూ కూర్చుని కబుర్లు చెప్పుకుంటారు. పైగదిలో వినపడే ప్రతి రహస్యమూ ఆ చెట్టు కింద మొలిచిందే. ఈ సంగతి మా డ్రైవర్ ఒడోంగ్‌కి తెలుసు, నాకు తెలుసు. వీళ్ళకి తెలియదు.

తిరిగి వచ్చేటప్పుడు కారులో పదమూడో తేదీ శనివారం సెలవు అడిగాను.

“ఏముంది ఆ రోజు?” అన్నాడు ప్రాక్టర్.

“మా తాతగారు పోయి ఏడాదైంది సర్. వారసుణ్ణి నిలబెడతారు. మా వంశంవాళ్ళు అన్ని చోట్లనుంచీ వస్తారు. రాత్రంతా డప్పులు. తెల్లారాక మా అన్నకి ఈటె చేతికిస్తారు.”

“ఈటె? నిజం ఈటేనా?”

“అవును సర్. మా పేట నాతేటేలో, మా ఇంట్లోనే.”

ఆయనతో ఇంతసేపు మాట్లాడటం ఇదే మొదటిసారి. కిటికీలోంచి చూడటం మానేసి విన్నాడు. నా మాట ఎవరైనా అంత శ్రద్ధగా వింటే ఎలా ఉంటుందో మరిచిపోయాను. అది ఆయన గొప్పతనమేమీ కాదు.

జూలై 3

సాయంత్రం నాలోంగో వచ్చింది. కవలల్ని కన్నది కాబట్టి అందరూ ఆమెని ఆ పేరుతోనే పిలుస్తారు. అసలు పేరు నాకు తెలియదు. దిగువన చిత్తడిగా ఉండే కిసోంకో బాడవలో జమ్ముగడ్డి కోసి చాపలు అల్లుతుంది. తద్దినానికి వచ్చే పెద్దలందరికీ ఆమె చాపలే కావాలని అమ్మ పట్టు.

నేను వాకిట్లో మోకాళ్ళమీద కూర్చుని పలకరించాను. పెద్దవాళ్ళని అలాగే పలకరిస్తాం. ఆమె నవ్వింది. “లే తల్లీ, లే. కాన్వెంటులో సిస్టర్లు నీ మోకాళ్ళు బాగా అరగదీశారు. ఇంకా మిగిలినవి పెళ్ళికి దాచుకో.”

“పై వారం శుక్రవారానికి తేకపోయావో, నీ గుమ్మం తొక్కనే,” అంది అమ్మ.

“నా గుమ్మం నీళ్ళలో ఉందమ్మా. నువ్వెలాగూ తొక్కలేవు.”

జూలై 4

అమ్మ అరటికల్లుకి పళ్ళు మగ్గేసింది. ఇల్లంతా ఆ వాసన. చదవడానికి మూలే లేదు.

జూలై 5, శుక్రవారం

ఎంబసీ నుంచి వచ్చిన హెచ్చరిక. అన్ని విభాగాలకీ ప్రతులు తీయాల్సింది నేనే. ఇక్కడ రాసిపెట్టుకుంటున్నాను, ఎందుకంటే ఇలాంటి తెలివి రోజూ దొరకదు.

“విశ్వసనీయ స్థానిక వర్గాల ప్రకారం, ఈ నెల పదమూడున నాతేటేలో ఒక వంశానికి చెందిన మగవారు దేశం నలుమూలలనుంచీ చేరుతున్నారు. రాత్రంతా డప్పులతో సమీకరణ. తెల్లవారాక కొత్త నాయకుడికి ఆయుధాల అప్పగింత. రెండు కంపెనీలు విడివిడిగా ధ్రువీకరించాయి. నాతేటే: ఎరుపు.”

మొదట నవ్వొచ్చింది. ఏ గాడిద చెప్పిందో అనుకున్నాను.

మళ్ళీ చదివాను.

నాతేటేలో ఆ శనివారం అలాంటివి రెండు జరగవు.

ఆయుధాలట. తాత ఈటె ఒక్కటే ఉంది. మొన తుప్పుపట్టింది. అమ్మ దానితో అవకాడోలు రాలుస్తుంది.

రెండు కంపెనీలు ఎలా ధ్రువీకరించాయో ఒడోంగ్‌ని అడిగితే తెలిసింది. మంగళవారం కారులో నా మాటలు ప్రాక్టర్‌తో పాటు ఒడోంగ్ కూడా విన్నాడు. పనసచెట్టు కింద పూల కంపెనీ డ్రైవరుకి చెప్పాడు, మా ఇంట్లో విందుందని. ప్రాక్టర్ తన దొర మిత్రుడు వాన్ రూయ్‌కి చెప్పాడు, నాతేటేలో ఏదో ఉందని. పూల కంపెనీ భద్రత చూసే వాన్ రూయ్ తన డ్రైవర్ని అడిగాడు. డ్రైవర్ “అవును సర్, నేనూ విన్నాను” అన్నాడు. అయిపోయింది. ఒక నోరు, రెండు చెవులు. వీళ్ళ లెక్కలో అది ఇద్దరు సాక్షులు.

చదువుకున్నవాళ్ళే. కొందరికి పతకాలు కూడా ఉన్నాయి.

జూలై 6

సెకిట్టో అన్నతో చెప్పాను. తాత వారసుడు అతనే. చెట్టుబెరడుతో చేసిన బెరడుబట్ట కట్టుకుని గుమ్మంలో నిలబడి ఈటె అందుకోవాల్సింది అతనే.

“పోలీసులకి ఏదో అనుమానమట. ఒక నెల వాయిదా వేస్తే?”

“సెసే దీవులనుంచి పెద్దలు పడవలెక్కేశారు. అమ్మ కల్లు పెట్టేసింది. తాతతో ఏం చెప్పమంటావు, ఇంకో నెలాగి మళ్ళీ చచ్చిపొమ్మనా?”

“అన్నా, నిన్ను మళ్ళీ...”

“ఏ గాడిదే వాళ్ళకి చెప్పింది?”

తెలియదన్నాను. అది పూర్తిగా అబద్ధమేమీ కాదు. చెప్పినవాళ్ళు చాలామంది ఉన్నారు.

పోయిన ఎన్నికలప్పుడు వీధిలో దొరికినవాళ్ళందరినీ లారీ ఎక్కించారు. అన్న రొట్టె కొనడానికి వెళ్ళాడు. తిరిగి వచ్చాక ఎడమకాలు ఇదివరకటిలా లేదు. దాని సంగతి ఇంట్లో ఎవరం ఎత్తం. ఇంకోసారి తీసుకెళితే తిరిగి పంపరు. ఈ సంగతీ ఎత్తం.

జూలై 8, సోమవారం

ప్రాక్టర్ గదికి వెళ్ళాను. రెండుసార్లు తలుపు దాకా వెళ్ళి వెనక్కి వచ్చాను, మూడోసారి వెళ్ళాను.

“సర్, ఆ హెచ్చరిక... అది మా తాతగారి తద్దినం. నేను మీకు కారులో చెప్పిందే.”

నావైపు చూశాడు. ఆయనకి గుర్తొచ్చింది. గుర్తొచ్చిందని నాకు కనపడింది. అది నాకు కనపడిందని కూడా ఆయనకి తెలిసింది.

“నాకు వేరే దారుల్లో కూడా అందింది, పెర్పెటువా,” అన్నాడు. “నువ్వు మనసులో పెట్టుకోకు.”

జూలై 9, మంగళవారం

ప్రత్యేక సమావేశం. పటంలో మా పేట ఎర్రగా ఉంది, దద్దుర్లు పోసినట్టు.

వెండెల్ మర్యాదస్తుడు. అందరికంటే అతనంటేనే నాకు ఎక్కువ చిరాకు. “స్థానిక పోలీసులకి తెలియజేశాం. శనివారం తెల్లవారుజామున వాళ్ళే చూసుకుంటారు. మీ సిబ్బందిని అటు పంపకండి, అంతే,” అన్నాడు, వర్షం గురించి చెబుతున్నట్టు.

లేచి నిలబడ్డాను. కాన్వెంటులో పదకొండేళ్ళు చదివాను. అడగనిదే మాట్లాడకూడదన్న ఒక్క పాఠం మాత్రం ఎప్పుడూ తప్పలేదు. ఈ రోజు తప్పింది.

“సర్, అది అంత్యక్రియలకి సంబంధించిన ఆచారం. వారసుడికి ఈటె ఇవ్వడం ఇక్కడ ప్రతి ఇంట్లోనూ ఉంటుంది.”

“మీరు ఆ ప్రాంతంవారా?” అన్నాడు వెండెల్.

“అది మా ఇల్లు సర్. ప్రాక్టర్ గారికి మొదట చెప్పింది కూడా నేనే.”

ప్రాక్టర్ పెన్సిల్ కొన చూసుకున్నాడు.

వాన్ రూయ్ ముందుగా తేరుకున్నాడు. “చావుల చాటునే కదమ్మా అన్నీ జరిగేది. ఎవడైనా కుట్ర చేస్తున్నామని బోర్డు పెడతాడా?”

ప్రాక్టర్‌కి ఊపిరి వచ్చింది. “పెర్పెటువా మంచిపిల్ల. దాని మాట నమ్ముతాను. కానీ ఇంట్లో జరిగేది అందరికంటే ఆఖర్న తెలిసేది ఇంటి ఆడపిల్లలకే.”

నవ్వారు. మంచిగానే నవ్వారు.

“చూడండి మిస్,” అన్నాడు వెండెల్. “హెచ్చరిక తీసెయ్యాలంటే ఒకరితో ఒకరికి సంబంధం లేని ఇద్దరు చెప్పాలి. మీరు ఒక్కరే. పైగా ఇంటివాళ్ళు. నియమం నేను పెట్టింది కాదు.”

ఎర్రరంగు పూయడానికి నేనొక్కదాన్ని సరిపోయాను. తుడవడానికి సరిపోను.

తర్వాత ప్రాక్టర్ చెప్పాడు, నేను రాశాను: “సమావేశ స్థలాన్ని, తేదీని ఒక స్థానిక ఉద్యోగి ధ్రువీకరించారు.” అక్షరదోషాలు లేకుండా రాశాను.

జూలై 10

వాళ్ళకి నిజం అక్కర్లేదు, ఇంకో వదంతి కావాలి. ఈ సంగతి నాకు ముందే తట్టి ఉండాల్సింది.

మధ్యాహ్నం ఒడోంగ్ కారు తుడుస్తుంటే వెళ్ళాను.

“ఒడోంగ్ అన్నా, విన్నావా? ఆ సభ నాతేటేలో కాదట. పోలీసులకి తెలిసిందని కిసోంకో బాడవకి మార్చారట.”

“ఏ సభ? మీ తాత సభా?” నవ్వాడు. “చెల్లెమ్మా, నువ్వు కూడా మొదలెట్టావా?”

“మార్కెట్‌లో అనుకుంటున్నారు.”

తుడవడం ఆపి నా మొహం చూశాడు. మా దేశపు ఉత్తరాది మనిషి. పోలీసుల లారీల గురించి నాకంటే ఎక్కువ తెలుసు.

“బాడవలో ఎవరుంటారే, కప్పలా?”

“అదే.”

“సరే,” అన్నాడు. “కప్పలకి చెబుతాను.”

బాడవలో ఎవరుంటారు? జమ్ము, నీళ్ళు, కొంగలు. పోలీసులు వెళ్ళి బూట్లు తడుపుకుని వస్తారు. ఎవరికీ నష్టం లేదు.

జూలై 11

అన్నం తిన్నంత తేలిగ్గా జరిగింది. పొద్దున బ్యాంకువాళ్ళు ఫోన్ చేశారు: మా వర్గాల ప్రకారం కిసోంకో. పదకొండింటికి పూల కంపెనీ: కిసోంకో. మధ్యాహ్నం నూనె కంపెనీ ఇంకొంచెం కలిపింది: కిసోంకోలో పడవలు కూడా ఉన్నాయట. పడవలు నేను చెప్పలేదు. అది వాళ్ళ సొంత ప్రతిభ.

సాయంత్రానికి ఎంబసీ కాగితం. మూడు స్వతంత్ర వర్గాలు. నాతేటే మళ్ళీ పసుపు.

ప్రాక్టర్ నా బల్ల దగ్గర ఆగాడు. “చూశావా? నాకు మొదట్నుంచీ నాతేటే మీద నమ్మకం లేదు.”

బాడవలో ఎవరూ ఉండరు.

జూలై 12, శుక్రవారం

చుట్టాలు దిగుతున్నారు. చాపలు రాలేదు. అమ్మ ఫోన్లో నాలోంగోని కడిగేసింది. చివరి కొన్ని ఇంకా పచ్చిగా ఉన్నాయట, తెల్లారేసరికి అన్నీ కట్టగట్టి తెస్తుందట.

అమ్మ పెట్టేశాక ఫోన్ నా చేతికొచ్చింది. పట్టుకుని నిలబడ్డాను. ఏమని చెప్పాలి? రాత్రికి మా ఇంటికి వచ్చెయ్ అంటే ఎందుకంటుంది. పోలీసులంటే ఎవరు చెప్పారంటుంది. పైగా తెల్లవారేటప్పటికి ఆమె దారిలోనే ఉంటుంది. వాళ్ళు మరీ అంత తొందరగా వెళ్ళరు. వెళ్ళినా బాడవ చాలా పెద్దది.

పెరట్లో మేనత్త పిలిచింది. వెళ్ళాను.

జూలై 14, ఆదివారం

జరిగింది. బాగా జరిగింది.

నిన్న పొద్దున్న అన్న బెరడుబట్ట కట్టుకుని గుమ్మంలో నిలబడ్డాడు. మా వంశపు పెద్దాయన ఈటె చేతిలో పెట్టి, ఇంక ఈ ఇల్లు నీదే, వచ్చినవాళ్ళకి అన్నం పెట్టు, తగువులు తీర్చు అన్నాడు. అన్న ఎడమకాలు వణికింది. ఈటె మీద ఆనుకున్నాడు. తాత కూడా అలాగే ఆనుకునేవాడు.

మేనత్త వెనకనుంచి అరిచింది. “ఒరే, ఈటె జాగ్రత్తరా! రేపు మీ అమ్మకి అవకాడోలు కావాలి!” అందరూ నవ్వారు. అన్న కూడా.

పోలీసులు రాలేదు. ఒక్కడూ రాలేదు. నేను గెలిచాను. ఇది ఎవరికీ చెప్పుకోలేను కాబట్టి ఇక్కడ రాస్తున్నాను.

చాపలు రాలేదు. సెసే నుంచి వచ్చిన పెద్దలు నీలం ప్లాస్టిక్ పట్టాల మీద కూర్చున్నారు. కదిలినప్పుడల్లా పట్టాలు కరకరమన్నాయి. అమ్మకి తల కొట్టేసినట్టయింది. “బాడవవాళ్ళని నమ్ముకుంటే ఇంతే. ఎక్కడ చచ్చిందో,” అంది.

నిన్న ఉదయం బాడవ వైపు పొగ కనిపించింది. ఎవరో ఎండుజమ్ము తగలబెడుతున్నారన్నారు. ఈ కాలంలో తగలబెడతారు.

నాలోంగో ఫోన్ పలకడం లేదు.

జూలై 16, మంగళవారం

వెండెల్ చదివి వినిపించాడు. కిసోంకో బాడవలో శనివారం తెల్లవారుజామున అక్రమ సమావేశాన్ని చెదరగొట్టారు. గుడిసెలు తొలగించారు. పొడవాటి కొడవళ్ళు స్వాధీనం చేసుకున్నారు. ఒక పడవ కూడా దొరికింది. నూనె కంపెనీ మనిషి చుట్టూ చూశాడు, చెప్పానా అన్నట్టు.

జమ్ము కోసేవాళ్ళ దగ్గర కొడవళ్ళు కాక ఏముంటాయి? వీళ్ళకి అది అడగాలని కూడా తోచదు. మూర్ఖులు. మూర్ఖులు. ఒక్కడైనా వెళ్ళి చూసి ఉంటే, ఒక్కడైనా అక్కడ ఎవరుంటారని అడిగి ఉంటే.

“ఇది మన మండలికి ఆదర్శంగా నిలిచే పని,” అన్నాడు వెండెల్. “కంపెనీలు, ఎంబసీ ఒకరినొకరు నమ్ముకుంటే ఏం సాధించగలమో చూశాం.”

ప్రాక్టర్ గొంతు సవరించుకున్నాడు. స్థానిక పరిస్థితులు తెలిసిన పెర్పెటువా ఇకనుంచి గోడ పక్కన కాకుండా బల్ల దగ్గరే కూర్చుంటే బాగుంటుందన్నాడు. పోయినవారం జరిగినదానికి ఇది ఆయన క్షమాపణ. ఎవరో కుర్చీ జరిపారు. ఇంకెవరో సమోసాల పళ్ళెం నావైపు తోశారు.

వద్దని అనవచ్చు. అనలేదు. లోపల ఉంటేనే కదా ఇలాంటివి ఆపగలిగేది.

సమోసా చల్లారిపోయింది. తిన్నాను.

జూలై 18, గురువారం

సాయంత్రం ఆఫీసునుంచి వచ్చేసరికి నాలోంగో వాకిట్లో ఉంది.

పక్కన చాపల కట్ట. పెద్దది కాదు. అంచులు నల్లగా కాలాయి. తలకి గుడ్డ చుట్టుకుంది. గుడ్డ కింద కన్ను వాచి ఉంది.

అమ్మ అరవడానికి బయటికొచ్చి, చూసి ఆగిపోయింది.

“మాట తప్పానమ్మా,” అంది నాలోంగో. “పెద్దాయన తద్దినానికి అందివ్వలేకపోయాను. మిగిలినవి ఇవే. కాలినవి కత్తిరిస్తే పొయ్యి దగ్గర వేసుకోవడానికి పనికొస్తాయి.”

“ఏమైందే? ఎవరు చేశారు?”

“ఎవరికి తెలుసు? చీకటుండగానే వచ్చారు. సభ ఎక్కడ, నాయకుడెక్కడ అంటారు. మాకు నాయకుడెవడమ్మా, మాకు చాపలే గతి. నా కవలల్లో పెద్దోడు కొడవలి పట్టుకుని బయటికొచ్చాడు, పొద్దున్నే జమ్ముకి వెళతాడుగా. వాణ్ణి లారీ ఎక్కించారు. ఇంకా రాలేదు.”

“ఏ తలతిక్కవాడు చెప్పాడో,” అంది అమ్మ.

నేను మోకాళ్ళమీద కూర్చుని పలకరించాను. పలకరింపులో ఉండే మాటలన్నీ అన్నాను. ఇంట్లో అందరూ కులాసానా. పిల్లలు కులాసానా. నోటికి అలవాటైన మాటలు, మధ్యలో ఆపడం నాకు చేతకాలేదు. ఆమె అన్నిటికీ బదులు చెప్పింది. కులాసానే అంది.

“లే తల్లీ. ఆ బట్టలు పాడైపోతాయి.”

లేవలేదు.

“నువ్వు ఆ పెద్దదొరలతో కూర్చుంటావటగా. బల్ల దగ్గరే కూర్చుంటున్నావని మీ అమ్మ పేటంతా చెప్పిందట,” అంది నాలోంగో. “వాళ్ళతో ఒక్క మాట చెప్పు తల్లీ. బాడవలో మనుషులుంటారని. మేం చాపలు అల్లుకునేవాళ్ళమని. వాడికి వేరే ఏమీ తెలియదని.”

“ఒక్కరు చెబితే వాళ్ళు వినరు. ఇద్దరు కావాలంటారు,” అన్నాను.

ఆమె నా భుజం మీద చెయ్యి వేసింది.

“ఇద్దరం ఉన్నాంగా,” అంది.

నేనింకా మోకాళ్ళమీదే ఉన్నాను.